మంటలేని పొయ్యి

ఆ పొయ్యిని బాపయ్య మద్రాసు నుంచి ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. ఒంగోలు దాకా రైల్లో, దర్శి దాకా బస్సులో, దర్శి నుంచి తూమాటిపాడు దాకా ట్రాక్టరు మీద, ఎక్కడా కింద దించలేదు. కాపురానికొచ్చి ఇరవై ఏళ్ళు దాటినా, ఆయన చేతులు ఒక వస్తువును అంత మెత్తగా పట్టుకోవడం రాఘవమ్మ చూడలేదు. వాకిట్లోకి ఎదురెళ్ళి మూట అందుకోబోతే, "చేతులు కడుక్కున్నావా?" అన్నాడు. కడుక్కుని వచ్చింది. అయినా ఇవ్వలేదు.

దుప్పటి విప్పితే లోపల తెల్లటి పెట్టె, దాని మీద నున్నటి నల్ల గాజు పలక. ముందువైపు నాలుగు మీటలు, వాటి పక్కన అగ్గిపెట్టెంత కిటికీ. కరెంటు పెడితే ఆ కిటికీలో ఎర్రటి అంకెలు వెలుగుతాయి. సింగపూరు నుంచి ఓడలో వచ్చిన సరుకట. బర్మా బజారులో కొన్నాడు. కస్టమ్స్ వాళ్ళ భయానికి అట్టపెట్టెలూ కాగితాలూ ముందే చించి పారేస్తారట, అందుకని దాన్నెలా వాడాలో చెప్పే ముక్క ఒక్కటీ వెంట రాలేదు.

"మంట ఉండదు. పొగ ఉండదు. పలక మీద చెయ్యి పెట్టినా కాలదు. గిన్నె పెడితే మాత్రం గిన్నెలోవి మరుగుతాయి. నా కళ్ళతో చూశా," అన్నాడు బాపయ్య. "ఈ జిల్లా మొత్తం మీద ఇంకోటి లేదు."

అది ఎనభయ్యారు. ఆ ఏడు పత్తి బాగా పండింది. బాపయ్యది పెద్ద సేద్యం, నల్లరేగడి చెక్కల్లో పత్తీ మిరపా. ఊళ్ళో ఆయన మాటకు ఎదురులేదు. పెళ్ళాం మీద చెయ్యెత్తని మనిషని పేరు కూడా ఉండేది, ఆ సంగతి ఆయనే నలుగురిలో చెప్పుకునేవాడు. నిజమే, ఎత్తలేదు. ఒకసారి పప్పులో ఉప్పెక్కువైతే, ఎదురుగా కూర్చోబెట్టి గిన్నెడు పప్పూ ఆమె చేత తినిపించాడు. మంచినీళ్ళు అడిగితే, "నీళ్ళు తాగితే రుచెట్లా తెలుస్తుంది?" అన్నాడు నవ్వుతూ. చేతిలో చెంబు పట్టుకుని ఆమె తినేదాకా పక్కనే కూర్చున్నాడు.

ఆదివారం నాడు అందర్నీ పిలిచాడు. గుంటూరు మిరపకాయల యార్డు నుంచి ఇద్దరు కమీషన్ వ్యాపారులు వచ్చారు. పక్కింటి ముసలి పిచ్చయ్య వచ్చాడు. రాఘవమ్మ సొంత తమ్ముడు బుల్లయ్య పక్కూరి నుంచి మోటారు సైకిలు మీద వచ్చాడు. బుల్లయ్యకు బావ అంటే చిన్నప్పటి నుంచీ ఆట. బాపయ్యకు లోకంలో భయమనేది ఉంటే అది ఆ బావమరిది నోరొక్కటే.

పొయ్యిని వంటింట్లో పెట్టలేదు. సావిట్లో టేబులు మీద, కొత్త తువ్వాలు పరిచి పెట్టారు. రాఘవమ్మ దాని పక్కలకు పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టింది. చింతపండుతో తళతళలాడేటట్టు తోమిన ఇత్తడి గిన్నెలో పాలు పోసి పలక మీద పెట్టింది. బాపయ్య గొంతు సవరించుకుని మీట నొక్కాడు.

కిటికీలో ఎర్రగా ఇంగ్లీషు 'ఈ' వెలిగింది. దాని పక్కన ఒకటి అంకె. పొయ్యి కీచుమంది. ఆగింది. మళ్ళీ కీచుమంది.

"పొయ్యా, కోడిపిల్లా బావా?" అన్నాడు బుల్లయ్య.

బాపయ్య మీట కట్టేసి మళ్ళీ వేశాడు. మళ్ళీ అదే అక్షరం, అదే అంకె, అదే కీచు.

"అక్షరం చూశారా? ఈ... అంటోంది. మా బావని చూసి ఇకిలిస్తోంది!"

కమీషన్ వ్యాపారులు ముందు మొహమాటపడ్డారు గానీ, ఒకాయన కండువా నోటికడ్డం పెట్టుకునేసరికి రెండో ఆయన ఆగలేకపోయాడు. బాపయ్య కూడా నవ్వాడు. ఆ నవ్వు చూసి రాఘవమ్మ గబగబా ఇంకో గిన్నె కోసం లోపలికి వెళ్ళింది.

స్టీలు గిన్నె పెట్టారు. కీచుమంది. వెండి గిన్నె పెట్టారు. కీచుమంది. సత్తుగిన్నె, రాగి చెంబు, ఆఖరికి కంచు గ్లాసు. దేన్నీ ఒప్పుకోలేదు. పాలు ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి పోసీ పోసీ సగం తువ్వాలు తాగింది.

"పోనీ అట్ల పెనమో, మూకుడో పెట్టి చూడరాదూ?" అన్నాడు పిచ్చయ్య.

"చాల్లే మామా! శుభమా అని పాలు పొంగిస్తుంటే ఇనుమా? శనిని పిలిచి పీట వెయ్యమంటావా?" అని కసిరాడు బాపయ్య. అందరికీ అది సబబే అనిపించింది. పిచ్చయ్య కూడా లెంపలేసుకున్నాడు. ఇనుము సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

వెళ్ళేముందు బుల్లయ్య అక్క దగ్గరకొచ్చి, "మంచి పని జరిగింది లేవే. సంవత్సరానికి సరిపడా నవ్వించాడు," అన్నాడు. ఆమె వాడి చొక్కా పట్టుకుని ఈ పూటకు ఇక్కడే ఉండరా అందామనుకుంది. వాడు అప్పటికే మోటారు సైకిలు తన్నుతున్నాడు.

వీధి తలుపు మూశాక బాపయ్య కేకలెయ్యలేదు. కొట్టంలోకి వెళ్ళి గునపం తెచ్చి, వంటింట్లో మట్టిపొయ్యిని పగలగొట్టాడు. ఆ పొయ్యిని ఆమె అత్తగారు వేసింది. వారం వారం అలికి అలికి రాయిలా బిగిసిపోయింది. అందుకని చాలాసేపు పట్టింది. తర్వాత పత్తికట్టె మోపులన్నీ గొడ్లచావిట్లోకి విసిరేసి, చెమట తుడుచుకున్నాడు.

"ఏం ముట్టుకున్నావో, ఏం రాశావో నాకు తెలీదు. మద్రాసులో పనిచేసిన పొయ్యి నీ పసుపు తగిలి ఆగింది. దాని మీద పాలు పొంగేదాకా ఈ ఇంట్లో ఇంకో పొయ్యి రాజకూడదు. పొగ కనపడిందా, నువ్వు మీ తమ్ముడింటికి పో. వాడు నవ్విస్తాడుగా."

"మరి మీకు అన్నం?"

"దర్శిలో హోటలుంది."

"నాకు?" అని ఆమె అడగలేదు. అడిగితే ఏం చెబుతాడో తెలుసు.

మర్నాటి నుంచి అదే వరస. పొద్దున్నే స్కూటరు మీద దర్శి వెళ్ళి ఇడ్లీ తినేవాడు. మధ్యాహ్నం అక్కడే భోంచేసి, పళ్ళు కుట్టుకుంటూ వచ్చేవాడు. వచ్చి అరుగు మీద కూర్చుని, "ఇవాళ వంకాయ కారం పెట్టి చేశాడే. నువ్వు చేస్తే ఎప్పుడూ నూనె తేలదు. వాడిది తేలింది," అని ఒక్కో కూర గురించీ వివరంగా చెప్పేవాడు. రాఘవమ్మ అటుకులు నానబెట్టుకుని పెరుగులో కలుపుకునేది. అరటిపండు తినేది. కూతురు బాపట్ల కాలేజీలో హాస్టల్లో ఉంది, దానికి ఈ సంగతి తెలియకపోవడమే మేలనుకుంది. అదృష్టం కొద్దీ ఈనిన గేదె ఉంది. పాలు పితుకుతున్నంతసేపూ దాని డొక్కకు తల ఆనించుకునేది. గేదె కదిలేది కాదు.

మిగతా పొద్దంతా పొయ్యి ముందే. తడిబట్టతో తుడిచింది. పొడిబట్టతో తుడిచింది. నాలుగు మీటలూ ఒకదాని తర్వాత ఒకటి, కింది నుంచి పైకి, రెండేసి కలిపి నొక్కి చూసింది. దీపాలు పెట్టే వేళ, పొలాల్లో మోటార్లన్నీ ఒక్కసారి వేసినప్పుడు, ఒకటి పోయి రెండు వచ్చేది. ఆ రెండు చూసి ఆమె సంతోషించింది. ఏదో మారుతోంది కదా అనుకుంది.

దర్శి నుంచి రేడియోలు బాగుచేసే రసూల్‌ను బాపయ్యే పంపించాడు. సన్నటి మనిషి. చెప్పులు వాకిట్లో విడిచి, పొయ్యిని తలకిందులు చేసి, కింద ఉన్న గాలి పంకాలో దుమ్ము ఊది, తీగలన్నీ చూశాడు. ఆమె చెప్పిందంతా విన్నాడు. సాయంత్రందాకా ఉండి, రెండు వచ్చినప్పుడు మీటరు పెట్టి చూశాడు.

"రెండంకె సంగతి తెలిసిందమ్మా. ఓల్టేజి పడిపోయినప్పుడు వస్తోంది. మోటార్లు కట్టేస్తే పోతుంది. స్టెబిలైజరు పెడితే ఆ బాధ ఉండదు."

"మరి ఒకటి?"

"అదేనమ్మా తెలీట్లేదు. లోపల ఏదీ కాలలేదు. తీగ తెగలేదు. ఏదో కావాలని అడుగుతోంది. ఏం కావాలో నాకూ తెలీదు. ఇట్లాంటిది నేనెప్పుడూ విప్పలేదు."

మర్నాడు స్టెబిలైజరు తెచ్చి బిగించాడు. రెండు మళ్ళీ కనపడలేదు. ఒకటి మాత్రం కదల్లేదు. అరుగు మీద కూర్చున్న బాపయ్య, "ఏం రసూలూ, మా ఆవిడ పసుపు నీళ్ళు లోపలికి పోయాయి కదూ?" అన్నాడు.

రసూల్ ఒకసారి ఆమె వైపు చూశాడు. పక్క సందుల్లో పసుపు కనపడుతూనే ఉంది. "లేదండీ. లోపల పొడిగా ఉంది. అమ్మగారి తప్పేం లేదు," అన్నాడు. వెళ్తూ సంచిలోంచి బిస్కెట్ల పొట్లం ఒకటి తీసి, మరిచిపోయినవాడిలా తులసికోట పక్కన పెట్టి పోయాడు.

వారం తిరిగేసరికి ఊరు గమనించింది. వంటింటి మీద పొగ లేకుండా ఇన్నాళ్ళు ఉండేది చావు జరిగిన ఇల్లే. అట్లాంటి ఇంటికైతే అయినవాళ్ళు కావిళ్ళతో అన్నం తెచ్చి పెడతారు. బతికున్న ఇంటికి తెస్తే అపశకునం. అందుకని ఎవరూ తేలేదు. పిచ్చయ్య పెళ్ళాం గోడ మీంచి తల పెట్టి, "ఏమ్మా, ఎవరన్నా పోయారా?" అని మాత్రం అడిగింది. "లేదత్తా," అంది రాఘవమ్మ. "అయితే మంచిది," అని ఆవిడ తల దించేసింది.

అన్నం తెచ్చింది పుల్లమ్మ.

పుల్లమ్మ క్రైస్తవుల గూడెం మనిషి. మొగుడు బాలస్వామి చనిపోయాక ఒక్కతే ఉంటుంది. పదేళ్ళ బట్టీ ఈ ఇంట్లో గొడ్లచావిడి ఊడ్చి, పేడ తీసి, పెరట్లో అంట్లు తోముతోంది. తోమిన గిన్నెల మీద రాఘవమ్మ నీళ్ళు చల్లి లోపలికి తెచ్చుకుంటుంది. పుల్లమ్మ గడప దాటదు. ఆమెకొక పింగాణీ గిన్నె ఉంది. అడుగు చదునుగా, తెల్లగా, నీలం అంచుతో ఉంటుంది, అంచు ఒకచోట పెట్లింది. బాలస్వామి మిషనాసుపత్రిలో పోయినప్పుడు అక్కడి నర్సమ్మ ఇచ్చిందట. పగలంతా అది చావిడి చూరులో ఉంటుంది. సాయంత్రం ఆ గిన్నెలో రాఘవమ్మ అన్నం పైనుంచి వేస్తుంది, తగలకుండా.

ఎప్పుడూ ఖాళీగా వచ్చి నిండుగా వెళ్ళే గిన్నె ఆ రోజు నిండుగా వచ్చింది. వేడి జొన్నన్నం, మీద చింతచిగురు పప్పు. పుల్లమ్మ దాన్ని వంటింటి గడప మీద పెట్టి, దూరంగా జరిగి నిలబడింది.

"అమ్మగారూ, తప్పనుకోబాకండి. ఎవరూ చూళ్ళేదు. పైట కింద పెట్టుకొచ్చా."

"ఎందుకే ఇది?"

"మీ మొహం చూళ్ళేకపోతన్నా. తింటే తినండి, లేకపోతే గేదెకెయ్యండి. నేనేమనుకోను." చావిట్లోకి వెళ్ళిపోయింది.

రాఘవమ్మ చాలాసేపు ఆ గిన్నెను చూసింది. వాసన వంటిల్లంతా నిండింది. తర్వాత వంగి రెండు చేతులతో ఎత్తింది. పదేళ్ళుగా రోజూ చూస్తున్న గిన్నె ఎంత బరువుంటుందో ఆమెకు అప్పుడే తెలిసింది. సావిట్లోకి తెచ్చి, వీధి తలుపు గడియ వేసి, నిలబడే తినేసింది. అడుగున మెతుకు లేకుండా తింది. నోరు మండుతున్నా ఆగలేదు.

చెయ్యి కడుక్కోవడానికి గిన్నెలో కాసిని నీళ్ళు పోసి, దించడానికి చోటు లేక గాజు పలక మీద పెట్టింది. టేబులు మీద చోటుండేదే, స్టెబిలైజరు ఆక్రమించింది. పొయ్యికి కరెంటు అట్లాగే ఉంది. పొంగళ్ళ మొక్కు మొక్కినట్టు రోజుకు నాలుగైదు సార్లు నొక్కే మీట అలవాటు కొద్దీ నొక్కింది.

కీచుమనలేదు.

సన్నగా, తేనెటీగ ఎక్కడో గదిలో చిక్కుకున్నట్టు, రొద. కిటికీలో 'ఈ' లేదు. వేరే అంకెలేవో వెలిగాయి. గిన్నెలో ఎంగిలినీళ్ళ అడుగున బుడగలు లేచాయి.

ఆ గిన్నెకు పైన తెల్లపూత ఉందే గానీ లోపలదంతా ఇనుమే. పొయ్యి అన్నాళ్ళూ అడిగింది ఇనుము. మద్రాసు కొట్టువాడు దేంట్లో కాచి చూపించాడో బాపయ్య చూసుండడు. రాఘవమ్మకు ఇదేమీ తట్టలేదు. తెల్లపూతలో ఏదో మహిమ ఉందనుకుంది. గిన్నె తీసింది, 'ఈ' వచ్చింది. పెట్టింది, పోయింది. మళ్ళీ తీసింది. నవ్వొచ్చింది, ఆ నవ్వు ఏడుపులోకి తిరిగింది. కొంగు నోట్లో కుక్కుకుంది.

సాయంత్రం పుల్లమ్మ గిన్నె కోసం పెరట్లోకి వస్తే, "రేపిస్తాలే," అంది. ఎందుకని పుల్లమ్మ అడగలేదు. "పప్పు కారమెక్కువైందా అమ్మా?" అని మాత్రం అడిగి వెళ్ళిపోయింది.

గిన్నెను చింతపండుతో, బూడిదతో, మళ్ళీ పసుపుతో తోమి, బాపయ్య వచ్చేసరికి దాంట్లో నీళ్ళు మరిగించి చూపించింది. ఆయన ముందు కిటికీ వైపు చూశాడు. తర్వాత గిన్నె వైపు చూశాడు.

"ఇదెక్కడిది?"

"వేటపాలెం నుంచి సామాన్లమ్మేవాడొస్తే తీసుకున్నా."

"ఎప్పుడు?"

"మొన్న."

బాపయ్య పెట్లిన అంచు మీద వేలు పెట్టి, ఒకసారి రాసి, వదిలేశాడు. "ఊఁ. రేపు అందర్నీ మళ్ళీ పిలుస్తా. మీ తమ్ముణ్ణి ముందుగా," అన్నాడు.

పిలిచాడు. అందరూ వచ్చారు. ఈసారి పసుపు బాపయ్యే దగ్గరుండి పెట్టించాడు. పాలు పోశాడు. మీట నొక్కి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పొయ్యి రొద చేసింది. మంట లేకుండా, పొగ లేకుండా, పాలు నెమ్మదిగా పైకి లేచి, నీలం అంచు దాటి, నల్ల గాజు మీదకి తెల్లగా పొంగాయి. పిచ్చయ్య చప్పట్లు కొట్టాడు. కమీషన్ వ్యాపారులు పలక మీద చెయ్యి పెట్టి చూసి, కాలలేదని ఒకరికొకరు చెప్పుకున్నారు. రాఘవమ్మ ఆ పాలతోనే కాఫీ కలిపి అందరికీ స్టీలు గ్లాసుల్లో ఇచ్చింది.

"ఇకిలించడం మానేసిందే బావా!" అన్నాడు బుల్లయ్య, ఊదుకుని తాగుతూ. "కాఫీ బ్రహ్మాండంగా ఉంది. ఇంకో గ్లాసు పొయ్యవే అక్కా."

ఆమె పోస్తుండగా పెరటి గుమ్మం దగ్గర్నుంచి వినపడింది.

"అమ్మగారూ, నా గిన్నె ఇస్తే పోతా."

పుల్లమ్మ ఎప్పుడూ వచ్చే వేళే అది. ఇంట్లో ఇంతమంది ఉన్నారని తెలిసి, లోపలికి చూడకూడదని తల వంచుకునే నిలబడింది. ఎవరూ మాట్లాడకపోయేసరికి తల ఎత్తింది. తెరిచిన తలుపుల్లోంచి సావిడి, సావిట్లో టేబులు, టేబులు మీద పొయ్యి, పొయ్యి మీద గిన్నె సూటిగా కనపడుతున్నాయి.

ఒక కమీషన్ వ్యాపారి గ్లాసు పెదాల దాకా తెచ్చి ఆపేశాడు.

"ఏ గిన్నె?" అన్నాడు బాపయ్య. అడిగింది పుల్లమ్మనే గానీ, చూసింది పెళ్ళాన్ని.

రాఘవమ్మకు ఒక్క క్షణంలో అంతా కనపడింది. ఔనంటే, ఇంతమంది నోట్లో పోసింది ఏ గిన్నెలో పాలో తెలుస్తుంది. బుల్లయ్య అక్కడే కక్కుతాడు. పగిలిన మట్టిపొయ్యి మళ్ళీ లేవదు సరికదా, ఆ గడప కూడా ఆమెది కాకుండా పోతుంది. తమ్ముడి ఇంట్లోనూ చోటుండదు. ఆకలి గుర్తొచ్చింది. ఆకలి కంటే, అరుగు మీద కూర్చుని ఆయన చెప్పే వంకాయకూర గుర్తొచ్చింది.

"నీ గిన్నె నా ఇంట్లో ఎందుకుంటుంది పుల్లమ్మా?" అంది. గొంతు వణకలేదు. అందుకు తర్వాత ఆమెకే ఆశ్చర్యమేసింది.

"ఆనవాలు చెప్పవే ముసిల్దానా," అన్నాడు బుల్లయ్య. మొహం పాలిపోయింది వాడికి. "నీదైతే ఎట్లా ఉంటుందో చెప్పు."

పుల్లమ్మ గిన్నె వైపు చూసింది. పెట్లిన చోటు ఇటువైపే తిరిగి ఉంది. తర్వాత రాఘవమ్మ మొహం చూసింది. ఆ చూపులో కోపం ఉన్నా బాగుండేది.

"నాది కాదయ్యా," అంది. "కళ్ళు సరిగా కనపడి చావట్లా. నాది గూడెంలోనే ఉందేమో."

వ్యాపారి కాఫీ గటగటా తాగేశాడు. అంతటితో పోయేదే. బాపయ్య లేచి గుమ్మం దాకా వెళ్ళాడు.

"ఏమన్నావు?"

"నాది కాదన్నానయ్యా."

"వెనకాల వాళ్ళకి వినపళ్ళా. మా బుల్లయ్యకి కాస్త చెవుడు."

"నాది కాదయ్యా."

"పెద్దింటి సామాను నాదని గుమ్మంలో కేకేశావు. ఆ కేకంత గట్టిగా చెప్పాలి గదా ఇది కూడా."

పుల్లమ్మ పైట నడుముకు బిగించుకుని, చర్చిలో సాక్ష్యం చెప్పేవాళ్ళలా నిటారుగా నిలబడి, గొంతెత్తింది. "ఆ గిన్నె నాది కాదు!" చావిట్లో గేదె తల తిప్పి చూసింది.

"శభాష్. రేపట్నుంచి పనిలోకి రాకు. కళ్ళు కనపడనిదానివి, గొడ్ల కాళ్ళ కింద పడతావు."

ఆమె వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం ఇవ్వాల్సిన అన్నం ఇవ్వలేదు. ఇవ్వడానికి వండనూ లేదు, వేసుకుపోవడానికి గిన్నే లేదు.

అందరూ వెళ్ళాక రాఘవమ్మ గ్లాసులు తియ్యసాగింది. బుల్లయ్యవి రెండూ అడుగుదాకా ఖాళీ. పిచ్చయ్య గ్లాసులో వేలు పెట్టి నురగ కూడా నాకాడు. బాపయ్య గ్లాసు ఎత్తితే బరువుగా ఉంది. నిండుగా ఉంది. పైన మీగడ కట్టింది.

"చల్లారిపోయింది. వేడి చేసివ్వనా?" అంది.

"అక్కర్లా." ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. ఇన్నాళ్ళకు మొహం తేటగా ఉంది. "పదేళ్ళుగా నా చావిడి చూరులో ఉన్న గిన్నె నాకు ఆనవాలు తెలీదనుకున్నావా? వేలు పెట్టి మరీ చూశాగా."

రాఘవమ్మ గ్లాసు మళ్ళీ టేబులు మీద పెట్టింది.

"మీ తమ్ముడు అడిగి మరీ తాగాడు. చూశావా? ఇంక జన్మలో వాడు నా ముందు నోరెత్తాడో, ఈ ఒక్క మాట చెబుతా వాడికి."

"మరి పుల్లమ్మ ఏం చేసిందండీ?"

"నేనేమన్నాను దాన్ని? గిన్నె దానిది కాదన్నది నువ్వు." లేచి స్కూటరు తాళం తీసుకున్నాడు. "పొయ్యి బాగానే పనిచేస్తోంది. నువ్వు దాంట్లో వండుకుని తిను. నేను దర్శి పోతున్నా."

ఆ పూట ఆమె వండుకోలేదు. తెల్లవారగానే గిన్నెను కొంగులో చుట్టుకుని గూడెం వైపు నడిచింది. అటు ఆమె ఎప్పుడూ వెళ్ళలేదు. దారి పొడుగునా కల్లాల్లో ఆరబోసిన మిరపకాయలు. ఘాటుకు దగ్గొస్తుంటే ఎవరన్నా వింటారేమోనని అదిమిపెట్టుకుంది. పంపు దగ్గర ఆడవాళ్ళు బిందెలు పక్కకు లాగి దారి ఇచ్చారు.

పుల్లమ్మ ఇల్లు చర్చికి ఆనుకుని ఉంది. తడికె తలుపు. వాకిలి అప్పుడే ఊడ్చి ఉంది. రాఘవమ్మను చూసి పుల్లమ్మ లేచి నిలబడింది.

"మీరొచ్చారేందమ్మా? కబురు పెడితే నేనొచ్చేదాన్నిగా."

రాఘవమ్మ కొంగు విప్పి గిన్నెతో చేతులు చాచింది. "తీసుకో."

పుల్లమ్మ చెయ్యి చాపలేదు.

"నీదే గదే. ఎవరికీ చెప్పను. తీసుకో పుల్లమ్మా, నీ కాళ్ళు పట్టుకుంటా."

"అంత మాటనబాకండి." ఆమె అటూ ఇటూ చూసింది. పక్కిళ్ళ గుమ్మాల్లోకి అప్పటికే మనుషులు వచ్చారు. గొంతు తగ్గించింది. "పెద్దమనుషులందరి ముందూ నాది కాదని అరిచి చెప్పానమ్మా. ఇప్పుడది నా ఇంట్లో కనపడితే నేను దొంగనవుతా. మీరిచ్చారని చెప్పుకోలేను గదా. చెబితే మీరేమవుతారు?"

రాఘవమ్మ చాచిన చేతులు చాచినట్టే ఉన్నాయి. గిన్నె అంచు ఎండకు మెరుస్తోంది.

"ఏమన్నా తిన్నారా?" అని అడిగింది పుల్లమ్మ.

ఆమె తల అడ్డంగా ఊపింది.

పుల్లమ్మ అలవాటు కొద్దీ లోపలికి ఒక అడుగు వేసి, ఆగింది. "మా పొయ్యీ రాజలేదమ్మా ఇయ్యాళ," అంది. "గింజల్లేవు. వేటపాలెం జీడిపప్పు కొట్లలో పనుందంటున్నారు. ఎల్లుండి బస్సుకి పోదామనుకుంటన్నా."

"వేళ్ళు పొక్కిపోతాయంటారే ఆ జీడికి."

"బూడిద రాసుకుంటే ఓర్చుకోవచ్చంట."

పుల్లమ్మ ముందుకు వచ్చి, చాచిన చేతుల్లోని గిన్నె మీద రాఘవమ్మ కొంగు తీసి కప్పింది. నాలుగు వైపులా లోపలికి దోపింది. పదేళ్ళలో ఆమె చెయ్యి తగలడం అదే మొదలు. గరుగ్గా ఉంది, చల్లగా ఉంది.

"పట్టుకుపోండి. చూస్తన్నారు," అంది మెల్లగా. లోపలికి వెళ్ళి, చప్పుడు కాకుండా తడికె దగ్గరకి వేసుకుంది.